మ్యూనిక్‌లో ఎక్కడ దిగాలి: ఓస్ట్‌బాన్‌హోఫ్ పరిసరాలపై ఒక సమీక్ష

మ్యూనిక్ వెళ్లాలనుకునేవారు గది వెతికేటప్పుడు మొదట చూసేది నగరం నడిబొడ్డున ఉన్న మారియెన్‌ప్లాట్జ్ కూడలి నుంచి అది ఎంత దూరంలో ఉందన్న అంకెను. బుకింగ్ వెబ్‌సైట్లు కూడా ఆ అంకెనే హోటల్ పేరు కిందనే వేస్తాయి. నా ఉద్దేశంలో ఈ నగరం విషయంలో అంతకన్నా దారి తప్పించే అంకె మరొకటి లేదు. మ్యూనిక్‌లో రోజంతా తిరిగేవారికి అసలు లెక్క కిలోమీటర్లది కాదు. ఏ రైలు మార్గం మీద దిగాం, బయటికి వెళ్లిన ప్రతిసారీ ఎన్నిసార్లు బండి మారాలి అన్నదే. కిలోమీటరున్నర దూరంలో ఉన్నా ఒక ట్రాము, ఒక బస్సు మారితే తప్ప చేరలేని గది కన్నా, రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నా స్టేషన్ మెట్లెక్కగానే చేరుకోగల గది నయం. ఈ లెక్కన చూసినప్పుడు నాకు అన్నిటికన్నా అనుకూలంగా తోచిన చోటు ఓస్ట్‌బాన్‌హోఫ్, అంటే తూర్పు రైల్వే స్టేషన్, దాన్ని ఆనుకుని ఉన్న హైడ్‌హౌజెన్ పేట. అక్కడ బస చేసిన అనుభవంతో, నగరంలో ఇతరులు ఎక్కువగా ఎంచుకునే పేటలతో పోల్చి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా రైలు మార్గాల సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. 1972 ఒలింపిక్స్ కోసం మ్యూనిక్‌లో ఎస్-బాన్ అనే శివారు రైళ్లను ప్రారంభించినప్పుడు నగరం కింద తూర్పు పడమరలుగా ఒక సొరంగం తవ్వారు. శివార్ల నుంచి వచ్చే ఎస్-బాన్ మార్గాలు దాదాపు అన్నీ ఈ ఒక్క సొరంగంలోకే వచ్చి కలుస్తాయి. ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో ఎక్కితే రోజెన్‌హైమర్ ప్లాట్జ్, ఇజార్‌టోర్, మారియెన్‌ప్లాట్జ్, కార్ల్స్‌ప్లాట్జ్, ఆ తర్వాత హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే ప్రధాన స్టేషన్ వరుసగా వస్తాయి. మొత్తం ప్రయాణం పది నిమిషాలకు మించదు. పగటి పూట రెండు మూడు నిమిషాలకో బండి వస్తుంది కాబట్టి ఈ అయిదు స్టేషన్ల మధ్య తిరిగేవారికి టైమ్‌టేబుల్ చూడాల్సిన అవసరమే ఉండదు.

అయితే అన్ని మార్గాలూ ఒకే సొరంగంలో కలవడం వల్ల కష్టం కూడా ఉంది. ఒక్క బండి చెడిపోయినా, ఒక సిగ్నల్ మొరాయించినా నగరమంతా ఆగిపోతుంది. మరమ్మతుల కోసం రాత్రుల్లోనూ, కొన్ని వారాంతాల్లోనూ ఈ సొరంగాన్ని పూర్తిగా మూసేస్తారు. రద్దీని పంచుకోవడానికి రెండో సొరంగం పనులు 2017లో మొదలయ్యాయి కానీ అది 2030ల మధ్యకు ముందు అందుబాటులోకి వచ్చేలా లేదు. ఎస్-బాన్ ఒక్కదాన్నే నమ్ముకున్న చోట గది తీసుకుంటే ఇలాంటి వారాంతంలో ఇబ్బంది పడక తప్పదు. ఓస్ట్‌బాన్‌హోఫ్ విలువ ఇక్కడే తెలుస్తుంది. దాని కిందనే యూ5 అనే మెట్రో మార్గం కూడా ఉంది. అది ఎస్-బాన్ సొరంగంతో సంబంధం లేకుండా మాక్స్ వేబర్ ప్లాట్జ్, ఓడియోన్స్‌ప్లాట్జ్, కార్ల్స్‌ప్లాట్జ్ మీదుగా ప్రధాన స్టేషన్‌కు చేరుస్తుంది. ఒకటి ఆగినా మరొకటి నడుస్తుంది. స్టేషన్ ముందున్న ఓర్లేయాన్స్ ప్లాట్జ్ నుంచి ట్రాములూ బస్సులూ సరేసరి.

విమానాశ్రయం విషయంలోనూ ఇదే మేలు కనిపిస్తుంది. మ్యూనిక్ విమానాశ్రయం నుంచి నగరానికి ఎస్1, ఎస్8 అనే రెండు మార్గాలున్నాయి. ఎస్8 తూర్పు వైపు నుంచి వస్తుంది కాబట్టి అది ప్రధాన స్టేషన్ కన్నా ముందు ఓస్ట్‌బాన్‌హోఫ్‌కే చేరుతుంది. సుమారు అరగంట ప్రయాణం. రాత్రంతా విమానంలో కూర్చుని, సూట్‌కేసులతో దిగేవారికి ఆ పది నిమిషాల తేడా చిన్నదేమీ కాదు. ఎస్1 పడమటి దారిన తిరిగి వస్తుంది. నగరం నుంచి విమానాశ్రయానికి ఎస్1లో వెళ్లేవారు ఒక విషయం తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి: నోయ్‌ఫార్న్ అనే స్టేషన్‌లో ఆ బండిని రెండుగా విడదీస్తారు. వెనుక భాగం విమానాశ్రయానికి, ముందు భాగం ఫ్రైజింగ్ అనే ఊరికి వెళ్తాయి. పెట్టె తలుపు దగ్గరి తెర మీద గమ్యం రాసే ఉంటుంది కానీ, విమానం వేళ మించుతోందన్న కంగారులో దాన్ని చదివేవారు తక్కువ. ఎస్8కు ఈ గొడవ లేదు. టికెట్ లెక్కలో నగరమంతా ఎమ్ జోన్ కిందికి, విమానాశ్రయం జోన్ 5 కిందికి వస్తాయి కాబట్టి, రాకపోకల రోజుల్లో ఆ రెంటినీ కలిపే టికెట్ తీసుకోవాలి. మిగతా రోజుల్లో ఎమ్ జోన్ రోజు టికెట్ చాలు.

ఇక పేట సంగతి. 1854 దాకా హైడ్‌హౌజెన్ మ్యూనిక్‌లో భాగం కాదు. ఇజార్ నదికి అవతల కూలివాళ్లు, ఇటుక బట్టీల పనివాళ్లు ఉండే ఊరు. 1870-71లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధం తర్వాత స్టేషన్ ముందు కొత్త వీధులు వేసి, వాటికి ఆ యుద్ధంలో వినబడిన ఊళ్ల పేర్లు పెట్టారు. పారిస్, ఓర్లేయాన్స్, సెడాన్, మెట్జ్, వ్యోర్త్, వైసెన్‌బుర్గ్, బోర్డో అన్నీ వీధులుగా, కూడళ్లుగా కనిపిస్తాయి. ఓడినవారి ఊళ్ల పేర్లతో గెలిచినవారు కట్టుకున్న ఈ భాగాన్ని ఇప్పుడు అందరూ ముద్దుగా ఫ్రెంచి పేట అనే పిలుస్తున్నారు. నాలుగైదు అంతస్తుల పాత ఇళ్లు, గుండ్రటి వైసెన్‌బుర్గర్ ప్లాట్జ్ మధ్యలో ఫౌంటెన్, దాని చుట్టూ బల్లలు, కింది అంతస్తుల్లో బేకరీలు, సైకిల్ దుకాణాలు, చిన్న రెస్టారెంట్లు ఉంటాయి. ఇక్కడ పర్యాటకుల కోసం ప్రత్యేకంగా తెరిచిన అంగడి అంటూ పెద్దగా కనబడదు, అందువల్ల కాఫీ ధర కూడా మారియెన్‌ప్లాట్జ్ పక్కన ఉన్నంత ఉండదు. వీనర్ ప్లాట్జ్‌లోని చిన్న సంత దాకా నడిచి వెళ్లవచ్చు. అక్కడి నుంచి దిగువకు నడిస్తే ఇజార్ నది, దాని ఒడ్డున 1901లో కట్టిన ముల్లర్‌షెస్ ఫోల్క్స్‌బాడ్ అనే అందమైన పాత ఈత కొలను, నది మధ్య దీవిలో డాయిచెస్ మ్యూజియం వస్తాయి. పిల్లలతో వెళ్లేవారికి ఆ మ్యూజియం ఒక్కదానికే రోజంతా పడుతుంది.

పట్టాలకు అవతలి వైపు పూర్తిగా వేరే లోకం. ఒకప్పుడు ఫన్నీ అనే కంపెనీ బంగాళాదుంప పిండి ఉత్పత్తులు చేసిన ఫ్యాక్టరీ స్థలాన్ని ఇప్పుడు వెర్క్స్‌ఫీర్టెల్ అని పిలుస్తున్నారు. అక్కడ పెద్ద హోటళ్లు, యువకుల హాస్టళ్లు, సంగీత కార్యక్రమాల హాళ్లు వచ్చాయి. గదులు కొత్తవి, లిఫ్టులుంటాయి, ఎయిర్ కండిషనింగ్ దొరికే అవకాశం ఎక్కువ. కానీ శుక్ర, శనివారాల రాత్రి ఆ ప్రాంతం ఆలస్యంగా పడుకుంటుంది. నిద్ర ముఖ్యమనుకుంటే ఫ్రెంచి పేట వైపు, గది సౌకర్యాలు ముఖ్యమనుకుంటే పట్టాల అవతల అని నా విభజన.

నేను దిగింది ఫ్రెంచి పేట వైపు, పాత ఇంట్లో నడిపే ఒక చిన్న హోటల్‌లో. ఇలాంటివాటిని అక్కడ హోటల్ గార్నీ అంటారు. పొద్దున ఫలహారం తప్ప భోజనం వడ్డించరు. గది చిన్నదే కానీ శుభ్రతకు వంక పెట్టలేం. మంచం రెండు మంచాలను దగ్గరికి చేర్చినట్టుగా ఉంటుంది, రెండు పరుపులకు రెండు వేర్వేరు దుప్పట్లు, చదరంగా పెద్దవైన మెత్తటి దిండ్లు. తల పెట్టగానే ఆ దిండ్లు పూర్తిగా అణిగిపోతాయి, మెడనొప్పి ఉన్నవారు రిసెప్షన్‌లో మరో దిండు అడిగి తెచ్చుకోవడం మంచిది. కిటికీ పిడిని అడ్డంగా తిప్పితే తలుపులా లోపలికి తెరుచుకుంటుంది, నిలువుగా పైకి తిప్పితే పైభాగం మాత్రమే లోపలికి వాలి గాలి వస్తుంది. ఫ్యాను గానీ ఏసీ గానీ లేవు. జర్మనీలో పాత భవనాల్లోని చిన్న హోటళ్లలో ఇది మామూలు. జూలై, ఆగస్టు నెలల్లో పై అంతస్తు గది తీసుకునేవారు ఈ విషయం బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. వాలిన కిటికీలోంచి గాలితో పాటు వీధి మలుపులో ట్రాము చక్రాల కీచు శబ్దం కూడా వస్తుంది. పెరటి వైపు గది కావాలని ముందే రాస్తే ఆ బాధ ఉండదు. ఆ వైపు గదులకు రాత్రి పది దాటాక చెట్ల ఆకుల చప్పుడు తప్ప మరేదీ వినబడదు.

సేవ విషయంలో రెండు లోపాలు చెప్పాలి. మొదటిది, రిసెప్షన్ సాయంత్రానికే మూసేస్తారు. ఆలస్యంగా వచ్చేవారి తాళం గోడకు బిగించిన చిన్న పెట్టెలో ఉంచి, దాని సంఖ్యను ఈ-మెయిల్‌లో పంపుతారు. ఆ ఈ-మెయిల్ విమానం దిగిన తర్వాత గానీ రాలేదు, అదీ జర్మన్ భాషలో మాత్రమే వచ్చింది. ఇది ఆ ఒక్క హోటల్ నిర్లక్ష్యమే కావచ్చు కానీ, చిన్న హోటళ్లలో రాత్రి మనిషి ఉండకపోవడం అక్కడ సర్వసాధారణం కాబట్టి రాక సమయం ముందుగా తెలియజేసి జవాబు తెప్పించుకోవాలి. రెండోది, లిఫ్టు లేదు. మూడంతస్తుల చెక్క మెట్ల మీద పెద్ద సూట్‌కేసులు మోయడం వయసు మళ్లినవారికి సాధ్యం కాదు. హోటల్ పేజీలో లిఫ్టు గురించి ఒక్క మాట లేకపోతే, లేదనే అర్థం చేసుకోవాలి.

ఫలహారం మాత్రం ఆ రెండు లోపాలను చాలావరకు మరిపించింది. వేడిగా ఉన్న గుండ్రటి రొట్టెలు, నాలుగైదు రకాల చీజ్, పెరుగు, పళ్లు, ఉడికించిన గుడ్లు ఉంటాయి. శాకాహారులు కూడా కడుపు నిండా తినవచ్చు. గది అద్దెలో ఫలహారం కలిసి ఉందో లేదో చూసుకోవాలి, విడిగా అయితే ఒక్కొక్కరికీ పది పదిహేను యూరోలకు తగ్గకుండా వేస్తారు. వీధి చివర బేకరీ ఉన్న పేటలో ఆ డబ్బు మిగుల్చుకోవడం కష్టమేమీ కాదు. గదిలో పెట్టే నీళ్ల సీసాలను ముట్టుకోనక్కరలేదు. ఆల్ప్స్ పర్వతాల ముందరి మాంగ్‌ఫాల్ లోయ నుంచి వచ్చే కుళాయి నీరు నిస్సంకోచంగా తాగవచ్చు.

హోటల్‌లో చేరగానే ఒక ఫారం నింపి సంతకం చేయమంటారు. 2025 జనవరి నుంచి జర్మన్ పౌరులకు ఈ నియమం తీసేశారు గానీ విదేశీయులకు ఇంకా ఉంది, పాస్‌పోర్టు చూపించాలి. పన్ను విషయంలో మ్యూనిక్ వెళ్లేవారు అదృష్టవంతులు. బెర్లిన్‌లో గది అద్దె మీద బస పన్ను 2025 నుంచి 7.5 శాతానికి పెరిగింది. బవేరియా రాష్ట్రం మాత్రం 2023లో తన నగరాలు అలాంటి పన్ను వేయకుండా చట్టం చేసింది. అయితే అదే బవేరియాలో గార్మిష్, ఫ్యుసెన్ వంటి విహార స్థలాల్లో రాత్రి బస చేస్తే ఆ ఊరి రుసుము విడిగా కట్టాల్సి వస్తుంది. పర్వతాల వైపు ఒకటి రెండు రాత్రులు అనుకునేవారు దాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఇక చాలామంది ఎంచుకునే ప్రధాన స్టేషన్ పరిసరాలు. షిల్లర్ వీధి, గ్యోటె వీధి, లాండ్‌వేర్ వీధుల్లో హోటల్ పక్కన హోటల్ ఉంటుంది. పోటీ వల్ల మామూలు రోజుల్లో ధరలు తక్కువే. టర్కీ, అరబ్బు కిరాణా దుకాణాలు, రాత్రి పొద్దుపోయాక కూడా తెరిచి ఉండే తిండి కొట్లు ఉండడం మరో సౌకర్యం. కానీ స్టేషన్ పాత ముఖ భవనాన్ని 2019 నుంచి కూలగొట్టి కొత్తది కడుతున్నారు, దాని కిందనే రెండో సొరంగం పని కూడా నడుస్తోంది. నడిచే దారులు తరచూ మారుతుంటాయి, యంత్రాల రొద ఉంటుంది, రాత్రి వేళ స్టేషన్ చుట్టుపక్కల తాగి తిరిగేవారు కనిపిస్తారు. మ్యూనిక్ మొత్తంగా భద్రమైన నగరమే, అక్కడ భయపడాల్సిందేమీ లేదు, అయినా కుటుంబంతో సాయంత్రం షికారుకు బయల్దేరదామనిపించే వీధులు కావవి. తెల్లవారుజామునే దూర ప్రయాణపు రైలు పట్టుకోవాల్సినవారికి, ఒక్క రాత్రి మాత్రమే ఉండేవారికి తప్ప ఆ పేటను నేను సిఫారసు చేయను.

పాత నగరం లోపల, మారియెన్‌ప్లాట్జ్ చుట్టూ, ఉండేందుకు డబ్బు ఎక్కువ పెట్టడం నాకు అర్థం కాని విషయం. పగలు అక్కడే తిరుగుతాం, రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ దుకాణాల వీధులు నిర్మానుష్యమవుతాయి. పది నిమిషాల్లో రైలు ఎక్కి వచ్చే చోటుకు అంత అద్దె దండగ. ష్వాబింగ్, మాక్స్‌ఫోర్‌ష్టాట్ పేటల మాట వేరు. పినాకోటెక్ చిత్రశాలలు, విశ్వవిద్యాలయం, సుమారు 375 హెక్టార్ల ఇంగ్లిష్ గార్డెన్ చేరువలో ఉంటాయి. మ్యూజియంలు చూడటానికే వచ్చేవారికి హైడ్‌హౌజెన్ కన్నా ఇవే అనుకూలమని ఒప్పుకోవాలి. ఎస్-బాన్ అటు వెళ్లదు కాబట్టి విమానాశ్రయం నుంచి వచ్చేవారు మారియెన్‌ప్లాట్జ్‌లో దిగి యూ6 ఎక్కాలి, లేదా ష్వాబింగ్‌లో నార్డ్‌ఫ్రీడ్‌హోఫ్ స్టేషన్ దగ్గర ఆగే లుఫ్తాన్సా ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టుకోవాలి.

చవకగా మంచి గది కావాలంటే ఎక్కువమంది పట్టించుకోని చోటు ఒకటుంది: తూర్పు చివర మెస్సెష్టాట్. 1992లో మూతపడిన రీమ్ పాత విమానాశ్రయ స్థలంలో వాణిజ్య ప్రదర్శన కేంద్రాన్ని కట్టి 1998లో తెరిచారు. ప్రదర్శనలకు వచ్చే వ్యాపారుల కోసం దాని చుట్టూ హోటళ్లు వెలిశాయి. ప్రదర్శన లేని వారాల్లో, ముఖ్యంగా వారాంతాల్లో, ఆ హోటళ్లు ఖాళీగా ఉండి ధర తగ్గిస్తాయి. యూ2 మెట్రో నేరుగా ప్రధాన స్టేషన్‌కు ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. అయితే సాయంత్రం హోటల్ బయట చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రైజింగ్, ఎర్డింగ్ లాంటి విమానాశ్రయం వైపు ఊళ్లలో అద్దె ఇంకా తగ్గుతుంది కానీ, రోజూ పై జోన్ల టికెట్, రానుపోను గంటన్నర సమయం కలుపుకుంటే మిగిలేది స్వల్పం.

ధరల గురించి చెప్పాలంటే పేట కన్నా తేదీ ముఖ్యం. మామూలు వారాల్లో మధ్యస్థమైన ఇద్దరి గది సుమారు 100 నుంచి 150 యూరోల మధ్య దొరుకుతుంది. సెప్టెంబర్ 15 తర్వాత వచ్చే శనివారంతో మొదలై అక్టోబర్ మొదటి వారం దాకా టెరేజియన్‌వీజె మైదానంలో ఓక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు ఉత్సవం జరుగుతుంది. ఆ రెండు వారాల పైచిలుకు కాలంలో అదే గదికి రెండింతలు, మూడింతలు అడుగుతారు. ఆ ఉత్సవం ముగియగానే అక్టోబర్‌లో స్థిరాస్తి రంగపు ప్రదర్శన ఎక్స్‌పో రియల్, మూడేళ్లకోసారి నిర్మాణ యంత్రాల ప్రదర్శన బౌమా వచ్చినప్పుడు కూడా గదులు ఇలాగే కరువవుతాయి. బీరు ఉత్సవం గుర్తుపెట్టుకునేవారు కూడా ప్రదర్శనల తేదీలు చూడరు, ఒక్క వారం అటో ఇటో జరుపుకుంటే సగం ఖర్చు తగ్గేదని తెలియక ఎక్కువ ఇచ్చి వస్తారు. షెంగెన్ వీసా దరఖాస్తుకు బస రుజువు పెట్టాలి కాబట్టి, వీసా చేతికి వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగే తీసుకోవాలి. డబ్బు తిరిగి ఇవ్వని చవక ధర జోలికి అప్పుడు వెళ్లకూడదు.

వారం కన్నా ఎక్కువ ఉండేవారు వంటిల్లున్న ఫ్లాటు కోసం చూస్తారు. మ్యూనిక్‌లో ఇళ్ల కొరత తీవ్రం, అందువల్ల ఒక ఇంటిని ఏడాదికి ఎనిమిది వారాలకు మించి ఇలా అద్దెకివ్వాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలి. ఏడాది పొడవునా ఖాళీ తేదీలు చూపిస్తున్న మామూలు నివాసపు ఫ్లాటును నేనైతే అనుమానిస్తాను. చివరి నిమిషంలో రద్దయితే దిక్కుతోచదు. అపార్ట్‌మెంట్ హోటళ్లు అంతకన్నా నమ్మకం. వంట చేసేవారికి ఒక హెచ్చరిక: పడక గదుల్లోనూ నడవాలోనూ పొగను పసిగట్టే అలారాలు తప్పనిసరి. నూనె బాగా కాగనిచ్చి ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే మొదట మోగేది అదే. వంటింటి తలుపు మూసి, కిటికీ పూర్తిగా తెరిచి, పొగ గొట్టం ఫ్యాను వేసుకున్నాకే మూకుడు పొయ్యి మీద పెట్టాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో కూడా రాత్రి ఎనిమిదికి కట్టేస్తారు. సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. మరిచిపోతే పెద్ద స్టేషన్ల లోపలి దుకాణాలే గతి, ఓస్ట్‌బాన్‌హోఫ్ పక్కన ఉండడం ఆ పూట కూడా ఉపయోగపడుతుంది.

నగరం వెలుపలి విహారాల లెక్క కూడా వేసుకుంటే ఎంపిక కాస్త మారవచ్చు. ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ వెళ్లే ప్రాంతీయ రైళ్లు ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో ఆగుతాయి. అయిదుగురి దాకా కలిసి ప్రయాణించగలిగే బవేరియా టికెట్ ఆ ఊరి వరకూ చెల్లుతుంది, కాకపోతే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం తొమ్మిది తర్వాతే దాన్ని వాడాలి. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట కోసం ఫ్యుసెన్‌కు, హిమశిఖరాల కోసం గార్మిష్‌కు వెళ్లే రైళ్లు మాత్రం ప్రధాన స్టేషన్ నుంచి పడమర దారిన బయల్దేరుతాయి. ఆ వైపు విహారాలే ఎక్కువగా పెట్టుకున్నవారు సొరంగం దాటాక నగరానికి పడమటి వైపున ఉన్న పాసింగ్ పేటను చూడవచ్చు. గార్మిష్ రైళ్లు అక్కడ ఆగుతాయి, విమానాశ్రయపు ఎస్8 బండి మార్చకుండానే అక్కడిదాకా వెళ్తుంది, స్టేషన్ ఎదుటనే పెద్ద షాపింగ్ కేంద్రం ఉంది. మెట్రో మాత్రం లేదు కాబట్టి సొరంగం మూసే వారాంతపు తేదీలు చూసుకున్నాకే గది ఖాయం చేసుకోవాలి.